మేం చేమ మడి ఖాళీ చేసిన శనివారం

మొన్న మా చెల్లెలి మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎక్కడో హవాయి దీవుల్లో, సెలవురోజున ఊరికే సాయం చెయ్యడానికి వచ్చిన జనం మోకాలి లోతు బురదలో దిగి, చేమదుంపలు పీకుతూ పకపకా నవ్వుకుంటున్నారు. పిల్లకి అదంతా వింతగా ఉంది గానీ నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే ఒకప్పుడు అలా నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అచ్యుతాపురం వైపు కంపెనీల కోసం భూములు తీసుకుంటున్న రోజులవి. నేను అనకాపల్లిలో లెక్కల టీచర్ని, పైగా మా చర్చి యువజనులకి పెద్దదిక్కుని, అంటే నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మే వయసులో ఉన్నదాన్ని. మా పెద్దమ్మకి ఆ వైపే, నీళ్ళు పారే గెడ్డ పక్కన, చిన్న చేమ మడి ఉండేది. పెదనాన్న పోయాక ఆవిడ ఒక్కతే నడుం వంచి చేసుకుంటోందని, ప్రతి శనివారం మా చర్చి పిల్లల్ని బస్సెక్కించుకుని వెళ్ళి కలుపు తీసి వచ్చేవాళ్ళం. ఆ మడికి పట్టా లేదు. సర్వేవాళ్ళు వచ్చిన రోజున పంట కనిపిస్తే సాగుదారుగా ఆవిడ పేరు రాసి పరిహారం ఇస్తారు, లేకపోతే అది సర్కారు బంజరే. ఆ సంగతి పెద్దమ్మ నాకు రెండుసార్లు చెప్పింది, నేను రెండుసార్లూ ఊ కొట్టాను.

ఆవిడ పద్ధతి వేరు. ఒక వరస తవ్వగానే, తల్లి దుంప తలని కాడతో సహా కోసి, ఆ గుంటలోనే మళ్ళీ పాతేది. "ఒక వరస పీకితే ఆ వరస పాతాకే రెండోదానికి సెయ్యెయ్యాలి" అని మమ్మల్ని అదిలించేది. వాళ్ళ అత్తగారి కాలం నుంచి ఆ మడి ఒక్క పూటైనా ఖాళీగా లేదట. అంత నత్తనడక ఎందుకని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు ఆవిడకి కంట్లో శుక్లం తీయించి, పదిరోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. అదే వారం చర్చిలో, పండిన పంట తెచ్చి దేవుడికి అర్పించే కోతల పండుగ వచ్చింది. నాకో గొప్ప ఆలోచన తట్టింది. శనివారం పదిమందిమి వెళ్ళి, పొద్దు వాలేలోగా మడి మొత్తం తవ్వి పారేశాం. కోసిన తలల్ని గట్టు మీద కుప్ప పోసి, వచ్చే శనివారం తీరిగ్గా పాతుదాంలే అనుకున్నాం. ఆదివారం బలిపీఠం మెట్ల నిండా మా దుంపలే! పాస్టరుగారు నా పేరు చెప్పి మెచ్చుకుంటే ఎంత పొంగిపోయానో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సర్వేవాళ్ళు బుధవారం వచ్చారు, పంట లేదని రాసుకుని పోయారు.

శనివారం నల్లకళ్ళద్దాలతో పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి, పక్క చేనాయన గట్టు మీదే ఎదురొచ్చి ఆ కబురు చెప్పాడు. ఆవిడ అద్దాలు తీసి మడిని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. "ఒక్క వరసైనా ఉంచలేకపోయేరేటమ్మా" అంది, అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది. మండలాఫీసుకి పరిగెత్తి, అక్కడ పంట ఉండేదని పదిమందిమీ మొత్తుకున్నాం. రుజువేదన్నారు. మా దగ్గరున్న ఒకే ఒక్క ఫోటోలో దుంపలు బలిపీఠం మెట్ల మీద ఉన్నాయి.

ఇప్పుడక్కడ మడీ లేదు, గెడ్డలో నీరూ లేదు, పొడుగాటి ప్రహరీ గోడ ఉంది. ఆ రోజు నాతో తవ్విన పిల్లల్లో ఇద్దరు రోజూ కంపెనీ బస్సెక్కి ఆ గోడ లోపలికే పనికి వెళ్తున్నారు, ఉద్యోగాలొచ్చాయి కదా ఆంటీ అని నన్నే ఓదారుస్తారు. పెద్దమ్మ పోయేదాకా మా ఇంట్లోనే ఉంది. ఎవరొచ్చినా మా అమ్మాయి నాకెంతో సాయం చేసిందనే చెప్పేది, నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. ఆ పదిరోజులూ ఆవిడ కంట్లో చుక్కలు వేసింది నేనే, రాత్రి అన్నం కలిపి పెట్టింది నేనే. మడి తవ్వనా పెద్దమ్మా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ముందే చెప్తే, పనంతా అయిపోయిందని చూసి ఆవిడ ఆశ్చర్యపోదని అడగలేదు.