ఎడమవైపు వెనక డోరు

కారుకి సిరామిక్ కోటింగ్ వేయిద్దామని మా ఆయన అన్న రోజు నాకు గుండెల మీంచి బరువు దింపినట్టయింది. ఎందుకో ఆయనకి చెప్పలేదు. అప్పటికి చెప్పగలిగే సంగతీ కాదు.

మేముండేది అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసుకి కాస్త వెనగ్గా, ఒక పాత అపార్టుమెంటు మూడో అంతస్తులో. నాంపల్లిలో ఒక లాయరుగారి దగ్గర టైపిస్టుని నేను. కోర్టుకి వెళ్ళే అఫిడవిట్లు కొట్టడం పని. "పైన చెప్పినదంతా నాకు తెలిసినంతవరకు నిజం" అన్న వాక్యాన్ని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. మా ఆయన కోఠిలో ఒక హోల్‌సేల్ మందుల దుకాణానికి మేనేజరు. మా తాతగారు రాజధాని ఇక్కడికి వచ్చినప్పుడు బందరు నుంచి గుమాస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన వాళ్ళది నల్గొండ వైపు పల్లె, వ్యవసాయం. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా ఆయన యాస ఆయనదే, నా యాస నాదే.

వాళ్ళ ఇంట్లో అందరికంటే ముందు కారు కొన్నది ఆయనే. ముదురు నీలం రంగు. షోరూంలో తెల్లది చూపిస్తే వద్దని, ఈ నీలం కోసం నెలన్నర ఆగారు. పొద్దున్నే టీ అయినా తాగకుండా సెల్లార్‌లోకి దిగి మెత్తటి బట్టతో తుడిచేవారు. అదీ నిలువుగానే. గుండ్రంగా తుడిస్తే సన్నటి గీతలు పడతాయట. ఎవరైనా బానెట్ మీద చెయ్యి ఆనిస్తే ఏమీ అనరు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, ఆ చోటు తుడుస్తారు.

అలాంటి మనిషికి పావురాలు శత్రువులయ్యాయి. అబిడ్స్ పాత బిల్డింగుల్లో మనుషులకంటే అవే ఎక్కువ. మా సెల్లార్‌లో పైపుల మీద కూర్చుని రెట్టలు వేసేవి. ఒకసారి రెండు రోజులు చూసుకోకపోతే రెట్ట పడ్డచోట రంగులో రూపాయి బిళ్ళంత మచ్చ దిగిపోయింది. ఎంత రుద్దినా పోలేదు. దుకాణానికి వచ్చే ఒక సేల్స్ ఆయన సిరామిక్ కోటింగ్ గురించి చెప్పాడట. "రంగు మీద గాజు లెక్క ఒక పొర ఏస్తరంట. రెట్ట పడ్డా, దుమ్ము పడ్డా నీళ్ళు పోస్తే జారిపోతదంట," అని మా ఆయన అన్నం తింటూ చెప్పారు. "నాంపల్లిల మంచిగ చేసేటాయన ఉన్నడంట. ఆదివారం పోదాం."

నేను వెంటనే పోదామన్నాను. నాకంత తొందర ఎందుకో తెలియాలంటే అంతకుముందు ఏడాది జరిగింది చెప్పాలి.

ఆ ఏడాదే డ్రైవింగ్ నేర్చుకున్నాను. నలభై ఆరేళ్ళ వయసులో. లైసెన్సు చేతికొచ్చిన వారానికి మా అత్తగారికి కంటి ఆపరేషన్ అని మా ఆయన ఊరికి వెళ్ళారు. వెళ్తూ, "నేనొచ్చినంక ఇద్దరం పోదాం. ఒక్కదానివే తియ్యకు," అన్నారు. సరేనన్నాను. కానీ ఆదివారం పొద్దున, రోడ్డు మీద పాత పుస్తకాలు పరిచేవాళ్ళు ఇంకా రాకముందు, అబిడ్స్ ఖాళీగా ఉండే ఆ గంటలో ఒక్క రౌండు కొట్టి వద్దామనిపించింది. కొట్టాను కూడా. ఒక్కదాన్నే, ఎవరూ పక్కన కూర్చుని బ్రేకు బ్రేకు అని అరవకుండా, నాంపల్లి స్టేషన్ దాకా పోయి వచ్చాను. ఎంత బాగుందో.

తిరిగొచ్చి సెల్లార్‌లోకి దిగుతుంటే అయింది ఆ పని. మలుపు ముందే తిప్పేశాను. స్తంభం ఎడమవైపు వెనక డోరుని గీసుకుంటూ పోయింది. ఆ చప్పుడికి కంగారుపడి బ్రేకనుకుని ఆక్సిలేటర్ తొక్కాను. స్టీరింగ్ ఒక్కసారి తిరిగి నా కుడి మణికట్టు మెలిపడింది. బండి ఆగాక దిగి చూస్తే డోరు సొట్టపోయి, నీలం లేచిపోయి, కింద తెల్లగా కనిపిస్తోంది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి డోరు చూశాడు, నన్ను చూశాడు, సార్‌కి చెప్పనులెమ్మా అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

మా ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. కోపం వస్తే మాట్లాడరు. నాలుగు రోజులు, వారం, ఒకసారి పన్నెండు రోజులు. అన్నం పెడితే తింటారు, చొక్కా ఇస్తే తొడుక్కుంటారు, మాట మాత్రం ఉండదు. ఆ నిశ్శబ్దం ఇంట్లో ఎలా తిరుగుతుందో నాకు తెలుసు. అది తలుచుకునే ఆ మర్నాడే మా ఆఫీసు వెనక సందులో ఒక టింకరింగ్ షాపు పట్టుకున్నాను. షాపతను తనే వచ్చి బండి తీసుకెళ్ళి, మూడు రోజుల్లో సొట్ట తీసి, లప్పం పెట్టి, రంగు కొట్టి తెచ్చి ఇచ్చాడు. "ఎవరూ కనిపెట్టలేరమ్మా," అన్నాడు. నిజంగానే కనిపించలేదు. మా ఆయన వచ్చేలోపు పెయింట్ వాసన పోవాలని డోరు తీసి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి దానిముందు నిలబడి వాసన చూసేదాన్ని. చేతికి క్రేప్ బ్యాండేజీ చూసి ఏమైందంటే, నీళ్ళ బిందె ఎత్తుతుంటే పట్టేసిందన్నాను.

తర్వాత మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. "నాకు పడదులెండి," అనేదాన్ని. ఆయన రెండు మూడుసార్లు అడిగి ఊరుకున్నారు. రోజూ పొద్దున ఆయన బట్ట పట్టుకుని కిందికి దిగినప్పుడల్లా నాకు చెవులు మెట్ల వైపే ఉండేవి. ఆ డోరు దగ్గర చెయ్యి ఆగిందా, ఏమన్నా అంటారా అని. ఏడాది పాటు రోజుకొక పది నిమిషాలు అలా గడిచాయి. అందుకే రంగు మీద గాజు పొర అనగానే అమ్మయ్య అనుకున్నాను. దానిమీద ఇంకో పొర పడితే అది ఇక శాశ్వతంగా మరుగున పడుతుందని నా లెక్క.

ఆదివారం ఇద్దరం నాంపల్లి వెళ్ళాం. స్టేషన్ దాటాక ఒక సందులో పొడుగాటి షెడ్డు. లోపల ట్యూబులైట్లు పగటిలా వెలుగుతున్నాయి. ఓనరు యాభై ఏళ్ళ మనిషి. అంతకుముందు పాతికేళ్ళు కార్లకి పెయింట్ కొట్టి, ఊపిరితిత్తులకి పడక ఈ పనిలోకి మారానని చెప్పాడు. కారు కడిగి, మెత్తటి మైనం ముద్దలాంటిది పెట్టి ఒళ్ళంతా రుద్దాడు. కడిగినా పోని మురికి దానికి అంటుకుని వస్తుందట.

"కోటింగ్ ఏస్తే గీతలు మూసుకుపోతయా?" అని మా ఆయన అడిగారు.

"లేదు సార్. గాజు కింద పెట్టిన ఫోటో ఉంటది సూడు, గట్ల. కింద ఏముంటే గది ఇంకా సాఫ్‌గ కనవడ్తది. అందుకే ముందుగాల కింద రంగు సరిచెయ్యాలె, గప్పుడే పైన పొర."

నేను ఆ డోరు వైపు చూడకుండా పైన ట్యూబులైట్ల వంక చూశాను.

ఓనరు జేబులోంచి అరచేతిలో పట్టేంత మీటరు తీశాడు. రంగు ఎంత మందం ఉందో చెబుతుందట. పల్చగా ఉన్నచోట పాలిష్ గట్టిగా పట్టకూడదు కాబట్టి అంతటా కొలుస్తాడు. బానెట్ మీద పెట్టి "నూట పది మైక్రాన్లు" అన్నాడు. ముందు డోరు, "నూట ఐదు." కుడివైపంతా అంతే. చుట్టూ తిరిగి ఎడమవైపు వెనక డోరు దగ్గరికి వచ్చాడు. పెట్టాడు. తీసి మళ్ళీ పెట్టాడు. ఇంకాస్త కిందికి జరిపి మళ్ళీ.

"సార్, గీ డోర్‌కి ఎప్పుడు పెయింట్ కొట్టిచ్చిన్రు?"

"పెయింటా? కొత్త బండి. ఎన్నడూ కొట్టియ్యలే."

"మూడొందల యాభై సూపిస్తున్నది. కింద లప్పం ఉన్నది సార్. కంపెనీ రంగు గింత మందం ఉండదు. ఎప్పుడు కొట్టిన్రో జర చెప్పాలె. నెల కూడా కాకుంటే దానిమీద కోటింగ్ ఎయ్యరాదు. లోపలి తడి పోదు, రంగు పాడైతది."

మా ఆయన ఆ డోరు ముందు వంగి చాలాసేపు చూశారు. తర్వాత లేచి ఫోన్ తీశారు. షోరూంలో మాకు కారు అమ్మిన అమ్మాయికి చేశారు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో ఆ పిల్లకి. తాళాలు ఇచ్చిన రోజు మాతో కలిసి ఫోటో దిగింది. మా ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెన్నడూ వినలేదు.

"గుద్దిన డోర్‌కి రంగేసి కొత్తదని అంటగట్టిన్రా మాకు? మీ మేనేజర్‌కియ్యి ఫోన్. రేపు నేనే షోరూంకు వస్త."

అవతల నుంచి ఆ అమ్మాయి మాటలు నాకూ వినిపిస్తున్నాయి. "సార్, అట్లేం లేదు సార్. నేనే దగ్గరుండి చూసిన సార్. మేనేజర్ దాకా వద్దు సార్, నా మీదికొస్తది..."

ఆ మాట విన్నాక నాకు ఇంకేం అడ్డం రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, "పెట్టెయ్యండి. ఆ పిల్ల తప్పేం లేదు. నేను గుద్దాను," అన్నాను.

ఆయన ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నన్ను చూశారు. "మల్ల చేస్త," అని పెట్టేశారు. ఓనరు మీటరు జేబులో వేసుకుని, ఏదో పని ఉన్నట్టు షెడ్డు వెనక్కి వెళ్ళిపోయాడు.

మా ఆయన బయటికి నడిచారు. నేనూ వెనకే. సందు చివర ఇరానీ హోటల్లో ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నారు. రెండు చాయ్ చెప్పారు. రెండు చెప్పారు కాబట్టి నేనూ కూర్చున్నాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆదివారం పొద్దున సంగతి, స్తంభం, టింకరింగ్ షాపు, వాసన పోవడానికి నేను పడ్డ పాట్లు, అన్నీ. ఆయన కప్పు వంక చూస్తూ విన్నారు. చాయ్ మీద మీగడ కట్టింది. ఇక మొదలైంది, ఈసారి ఎన్నాళ్ళో అనుకున్నాను.

"గా చెయ్యి గప్పుడే మెలవడ్డదా?" అన్నారు ఉన్నట్టుండి.

"అప్పుడే."

"బిందె అంటివి కదా. ఇత్తడి బిందె బరువైతున్నదని నేను పోయి స్టీల్‌ది తెస్తి."

నిజమే. బేగంబజార్ దాకా పోయి తెచ్చారు. ఆ మాట వినగానే నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆయన నవ్వలేదు.

"కారుకు తాకింది చెప్పకుంటే సరే, ఇనుమే కదా. చేతికి తాకింది చెప్పకపోతివి. ఒక్కదానివే దవాఖానకు పోయినవా?"

"పోయాను."

"నేను గంత భయపెడ్తనా నిన్ను?"

"భయపెట్టరు. మాట్లాడరు. అదే భయం."

అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన కప్పుని సాసర్‌లో అటూ ఇటూ తిప్పారు. "మా నాయిన గట్లనే ఉండేటోడు," అన్నారు చివరికి. "నాకు మంచిగనిపియ్యకపోయేది. మల్ల నేనూ గదే చేస్తున్న."

అంతకంటే ఎక్కువ ఏమీ అనుకోలేదు మేం. కానీ నాకు భుజాలు కిందికి దిగడం తెలిసింది. ఏడాదిగా వాటిని పైకి బిగబట్టి ఉన్నానని కూడా అప్పుడే తెలిసింది. ఆయన అక్కడే కూర్చుని షోరూం అమ్మాయికి ఫోన్ చేశారు. "తప్పు మాదేనమ్మా. మా ఇంట్లనే అయింది. నిన్ను గట్ల అనకుండ ఉండాల్సింది, ఏమనుకోకు," అన్నారు. ఆ అమ్మాయి ఎన్నిసార్లు థాంక్యూ సార్ అందో. తప్పు చేసిన మమ్మల్ని పట్టుకుని థాంక్యూ ఏమిటో.

మేం తిరిగి వెళ్ళేసరికి ఓనరు డోరు ముందు కూర్చుని ఉన్నాడు. ఏడాది అయిందని నేనే చెప్పాను, ఏ షాపులో చేయించానో కూడా చెప్పాను. "ఏడాదైతే ఫికర్ లేదమ్మా. రంగు గట్టిపడ్డది. పని కూడా మంచిగనే చేసిండు. గీ ఒక్క డోర్‌కి పాలిష్ జర మెల్లగ కొడ్త, గంతే," అన్నాడు. అంతే. ఏడాది పాటు నేను కాపలా కాసిన సంగతికి ఓనరు దగ్గర ఉన్న జవాబు అదీ.

మూడో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి నేను, కోఠి నుంచి ఆయన షెడ్డుకి వెళ్ళాం. చివరి డోరుకి పని జరుగుతోంది. ఓనరు చిన్న స్పాంజికి మెత్తటి గుడ్డ చుట్టి, కోటింగ్ మందు నాలుగు చుక్కలు వేసి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి రాస్తున్నాడు. రాసినచోట ఇంద్రధనుస్సు రంగుల్లో సన్నటి మెరుపు వస్తోంది. కాసేపాగి దాన్ని తుడిచేస్తే కింద నీలం బావిలో నీళ్ళలా లోతుగా ఉంది. మొత్తం కారులో ఆ డోరు ఏదో చెప్పమంటే నేను చెప్పలేకపోయేదాన్ని. మర్నాటి మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. ఒక రోజు నీటి చుక్క పడకూడదు, వారం దాకా కడగకూడదు అన్నాడు.

మర్నాడు ఇద్దరం అరపూట సెలవు పెట్టాం. ఆకాశం తేటగా ఉంది. ఓనరు తాళం మా ఆయనకి ఇచ్చాడు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, తాళం నా చేతికి అందించి, ఎడమవైపు సీట్లో కూర్చున్నారు.

"వద్దండీ, ఇప్పుడే కోటింగ్..."

"కోటింగ్ ఉన్నది కదా. ఇంకేం భయం," అని బెల్టు పెట్టుకున్నారు. ఆ కోటింగ్ స్తంభాలని ఆపదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

సందులోంచి బయటపడేసరికి వీపంతా చెమట. ఆటోలు రెండువైపులా రాసుకుపోతున్నాయి. ఆయన కిటికీ పైన పిడి పట్టుకుని ఉన్నారు, వేళ్ళు తెల్లబడేలా. కానీ ఒక్కసారి కూడా బ్రేకు అనలేదు. పబ్లిక్ గార్డెన్స్ వైపు రోడ్డు మీదికి వచ్చాక పిడి వదిలారు. దుకాణంలో కొత్తగా చేరినవాళ్ళ గురించి, అత్తగారు ఇప్పుడు కళ్ళజోడు లేకుండానే బియ్యంలో రాళ్ళు ఏరడం గురించి మాట్లాడుతూ వచ్చారు. ఆయన అంతసేపు వరసగా మాట్లాడటం ఈమధ్య నాకు గుర్తులేదు.

అబిడ్స్ వచ్చింది. మా సందు మలుపు వచ్చింది. నేను తిప్పలేదు.

"ఏందే, ఇల్లు దాటిపోతివి. ఎటు పోతున్నవ్?"

"ఇంకో రౌండు."

ఆయన అద్దం కిందికి దించి, మోచెయ్యి బయటికి పెట్టుకుని కూర్చున్నారు. "సరే పా," అన్నారు.