ఎల్వియో కొలత

కరిబియన్ సముద్రంలోని బోనైర్ దీవిలో, సొరొబోన్ ఒడ్డున తెరచాపలు కుట్టే నెరెయిడా నోటికి జడవనివాళ్ళు ఇద్దరే ఉండేవాళ్ళు. ఒకరు ఆమె తల్లి, ఆవిడ పోయింది. రెండోవాడు ఆమె విడిచిపెట్టిన మొగుడు ఎల్వియో, వాడికి చెవులున్నాయి గాని వినే అలవాటు లేదు. మిగతావాళ్ళంతా చిరిగిన తెరచాప పట్టుకొచ్చి ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి, ముందు తిట్లు తిని, తర్వాత పని చేయించుకునేవాళ్ళు.

"మళ్ళీ బండల మీద పడ్డావా? ఉప్పుమళ్ళ దగ్గర తిరిగే గాడిదలు నీకంటే నయం. వాటికి బండలెక్కడున్నాయో తెలుసు" అనేది. పని మాత్రం వంక పెట్టడానికి వీల్లేకుండా చేసేది. అందుకే తిట్లు కూలిలో భాగమని జనం సర్దుకుపోయారు.

చిన్నప్పుడు తల్లితో కలిసి కాయి రేవులో శంఖాల్లోంచి మాంసం తీసిన చేతులవి. వలలు బాగుచేసిన చేతులు. ఎల్వియో జాలరి కొడుకు. టూరిస్టులు పారేసిన విరిగిన బోర్డుల మీద విండ్‌సర్ఫింగ్ నేర్చుకుంటుంటే, వాడి చిరుగుల తెరచాపకి వల సూదితో మొదటి కుట్టు వేసింది ఆమే. ఆ కుట్టుతోనే పెళ్ళి కూడా అయిపోయిందని దీవిలో నవ్వుకునేవాళ్ళు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు వాడు గాలి మీద తిరిగాడు, ఆమె ఇసకలో మోకాళ్ళ మీద తిరిగింది.

పందేనికి తెరచాప కట్టడమంటే గుడ్డని కర్రకి తొడగడం కాదు. తెరచాపకి అడ్డంగా, చేతులతో పట్టుకోడానికి బూమ్ అనే కమ్మీ ఉంటుంది. దానికి రెండు తాళ్ళు ఉచ్చుల్లా వేలాడతాయి. వాటిని నడుముపట్టా కొక్కేనికి తగిలించుకుంటే గాలి బరువు చేతుల మీద కాక నడుం మీద పడుతుంది. బూమ్ రెండు వేళ్ళు ఎక్కువ పైకి వెళ్ళినా, తాళ్ళు బెత్తెడు అటో ఇటో జరిగినా భుజాలు లాగేస్తాయి. ఎల్వియో భుజం ఎంత ఎత్తులో ఉంటుందో, చెయ్యి ఎంత పొడుగో ఆమె టేపుతో ఎప్పుడూ కొలవలేదు. కళ్ళు మూసుకున్నా కట్టేది. వాడు వచ్చి, కొక్కెం తగిలించుకుని, వెళ్ళి గెలిచేవాడు.

ఒకసారి పెద్ద పందెం గెలిచాక రేడియోవాళ్ళు వాణ్ణి అడిగారు, మీ తెరచాప ఎవరు కడతారని. "ఇంకెవరు, నేనే. నా తెరచాప మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వను" అన్నాడు. నెరెయిడా అప్పుడు వంటింట్లో మేక మాంసం కూర కలుపుతోంది. గరిటె కడిగి బోర్లించింది. షెడ్డుకి వెళ్ళి వాడి బూమ్‌లన్నిటి తాళ్ళూ విప్పేసింది, ఎత్తుకి గుర్తుగా అంటించిన రంగు టేపులన్నీ పీకేసింది. బట్టల మూట పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. వేరే ఆడదాన్ని పెట్టుకున్నాడేమోనని దీవంతా గుసగుసలాడింది. నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు.

"రేడియోలో ఏదో అన్నాడని మొగుణ్ణి వదిలేస్తారా ఎవరైనా?" అంది అక్క.

"ఏదో అనలేదు. నన్ను లేకుండా చేశాడు" అంది నెరెయిడా. అక్క మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఇది జరిగిన రెండేళ్ళకి సొరొబోన్ ఎదుటి లాక్ బే నీళ్ళలోనే ఛాంపియన్‌షిప్ పెట్టారు. నలభై దాటినవాళ్ళకి, ఆడా మగా కలిపి, ఒక వర్గం ఉంది. రెండేళ్ళుగా ఒక్కటీ గెలవకపోయినా, భుజం నొప్పంటున్నా, ఎల్వియో దిగుతాడని అందరికీ తెలుసు. నెరెయిడా కూడా దిగుతుందని ఎవరికీ తెలీదు. ఆమె పొద్దున్నే, టూరిస్టులు లేవకముందు, అక్క కొడుకు వదిలేసిన పాత బోర్డూ పాత తెరచాపా వేసుకుని మడ అడవుల పక్కన తిరుగుతోంది. ఎల్వియో పెళ్ళాంగా కాదు, ఎల్వియో మాజీ పెళ్ళాంగానూ కాదు, పుట్టింటి పేరుతో, నెరెయిడా పియార్‌గా ఒక్కసారి ఆ పందెం గీత దగ్గర నిలబడాలి. ఆమెకి కావలసింది అంతే.

పందేనికని కొత్త బూమ్ కొంది. తెరచాప తనే కుట్టింది. బోర్డు పగులుకి జిగురు పోసి, ఆరాక నీళ్ళు చల్లి గరుకు కాగితంతో రుద్దింది. బోర్డు అడుగున ఉండే రెక్క అంచు మీద గోరు పెట్టి లాగి, గోరు ఎక్కడా తట్టుకోకుండా పోయేదాకా నున్నగా చేసింది. ఇదంతా చేస్తూ ఎల్వియోని తిట్టుకుంటూనే ఉంది. అంతసేపూ వాణ్ణే తలుచుకుంటున్నానన్న సంగతి మాత్రం ఆమెకి తట్టలేదు.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఎల్వియో చెల్లెలు డిలియా కూర్చుంది.

"రా వదినా. అన్నయ్యకి సాయంగా వచ్చావా?"

"నీకు నేను వదినా కాదు, నీ అన్నకి సాయమూ కాదు. పేరు రాయి."

డిలియా నవ్వుతూ రాసింది. నెరెయిడా తొంగి చూస్తే 'నెరెయిడా మకాయి' అని ఉంది. మకాయి ఎల్వియో ఇంటిపేరు.

"కొట్టెయ్."

"అలవాటులో పడిపోయింది వదినా, ఏమైందిప్పుడు?"

"నీకు అలవాటు, నాకు ఒళ్ళు మంట. కొట్టేసి పియార్ అని రాయి. చెయ్యి నొప్పెడితే చెప్పు, నేనే రాస్తా."

డిలియా మొహం మాడ్చుకుని మార్చింది. "ఈ వయసులో బోర్డెక్కుతావా? నడుం విరిగితే ఎవరు చూస్తారు?"

"విరిగితే నీ గుమ్మంలోనే పడి ఉంటాలే. రోజూ మొక్కజొన్న ఫుంచి వండి పెడుదువుగాని."

ఆ సాయంత్రం సామాను తనిఖీ. పోటీదారులంతా తెరచాపలు కట్టి ఇసక మీద వరసగా పరిచారు. గాలి విసురుగా ఉంది, నెరెయిడా కోపం మీద ఉంది. చకచకా కట్టేసింది. చేతులు వాటంతట అవే పోయాయి. బూమ్ బిగించింది, తాళ్ళు కట్టింది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. తనిఖీ చేసే డచ్చాయన వచ్చి, తేలుడు కోటు చూసి, తెరచాప మీద అంకె చూసి, "ఒకసారి లేపి పట్టుకోమ్మా" అన్నాడు.

లేపింది. బూమ్ సరిగ్గా ఆమె నుదుటికి ఎదురుగా వచ్చి నిలబడింది. చేతులు పైకెత్తితే తప్ప అందదు. ఆమె ఎల్వియో గడ్డం దాకా మాత్రమే వస్తుంది.

ముందు నవ్వింది డిలియా. తర్వాత ఒడ్డంతా నవ్వింది. ఎల్వియో నడుం మీద చేతులు పెట్టుకుని గట్టిగా అరిచాడు. "చూశారా! నా ఎత్తుకి కట్టుకొచ్చింది! నా మీద ప్రేమ ఇంకా తగ్గలేదే నెరే!"

నెరెయిడాకి తల కొట్టేసినట్టయింది. డచ్చాయన ముద్ర వేసి, చూపు పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆమె తెరచాప అలాగే పడేసి, పస్తేచి కజ్జికాయలమ్మే బండి వెనక నీడలో కూలబడింది. కళ్ళనీళ్ళు వస్తున్నందుకు ఇంకా మండిపోయింది. తన చేతుల్ని చూసుకుంది. వీటికి సిగ్గు లేదు. ఇల్లొదిలి, పేరొదిలి వస్తే ఇవి మాత్రం వాడి కొలువులోనే ఉన్నాయి.

మొహం తుడుచుకుని బండి పక్కనుంచి చూసేసరికి, ఒడ్డు దాదాపు ఖాళీ అయింది. ఆమె తెరచాప దగ్గర ఎవరో గొంతుక్కూర్చున్నారు. ఎల్వియో. చేతిలో సన్నటి తాడు. బూమ్ బిగించిన చోటు నుంచి తెరచాప కర్ర అడుగు దాకా తాడు పరిచి, ముడి వేసుకోబోతున్నాడు.

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. రెండేళ్ళుగా వీడు భుజం పట్టుకుని ఎందుకు తిరుగుతున్నాడో, ఒక్క పందెమూ ఎందుకు గెలవలేదో. నాలుగు రోజులు ఓపిగ్గా కట్టి విప్పుకుంటే ఎవడి కొలత వాడికి దొరుకుతుంది. వీడికి ఓపిక లేదు. ఎవర్నైనా అడుగుదామంటే, తనే కడతానని రేడియోలో చెప్పుకున్నాడాయె.

"ఏం చేస్తున్నావు?"

ఎల్వియో ఉలిక్కిపడి తాడు అరచేతిలో దాచాడు. "ఏం లేదే. ఊరికే చూస్తున్నా."

"నీ కొలత దొంగిలిస్తున్నావా?"

"నా కొలత నేను తీసుకుంటే దొంగతనమెలా అవుతుంది?" అని గొంతు తగ్గించాడు. "ఎవరూ లేరులే నెరే. తాళ్ళ దూరం ఒక్కటీ చూసుకోనీ. భుజం చచ్చిపోతోంది."

"నీ తెరచాప మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వవుగా?"

"ఆ మాట ఇంకా పట్టుకు వేలాడుతున్నావా?"

"ఇందాక అందర్లో అరిచావే, ఆ గొంతుతోనే ఇప్పుడూ అరిచి చెప్పు. నా తెరచాప నెరెయిడా కట్టేదని చెప్పు. కొలత రాసిస్తా."

ఎల్వియో చుట్టూ చూశాడు. దూరంగా డిలియా బల్ల మడుస్తోంది. ఇంకో ఇద్దరు బోర్డులు మోసుకుపోతున్నారు. తల దించుకుని తాడు మళ్ళీ బూమ్ మీద ఆనించాడు.

నెరెయిడా ఇంక ఆగలేదు. వంగి బూమ్ బిగింపు ఊడదీసింది. వాడు "ఆగవే!" అంటుండగానే తాళ్ళు రెండూ విప్పి ఇసకలోకి విసిరింది. వాడి చేతిలో ముడి పడని తాడు మిగిలింది.

మర్నాడు బూమ్‌ని తన భుజానికి ఆనించి చూసుకుని కట్టి పందెంలో దిగింది, చివరివాళ్ళలో ఒకతె. రెండుసార్లు పడింది, ఉప్పునీళ్ళు తాగింది, తనని దాటిపోయినవాళ్ళని నోరారా తిట్టింది. అయినా గీత దాటింది. దాటినప్పుడు మైకులో పియార్ అనే చదివారు. ఎల్వియో సగంలో చేతులు పడిపోయి, బోర్డు మీద కూర్చుని పడవ కోసం చెయ్యి ఊపాడు.

ఒడ్డుకి చేరాక వాడు భుజం పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చాడు. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి మెల్లగా అడిగాడు. "చెప్పవే. తాళ్ళు ఎంత దూరంలో కట్టేదానివి?"

"మరిచిపోయాను" అంది నెరెయిడా.

అది పచ్చి అబద్ధం. వాడు వెళ్ళిపోయాక ఆమె తన బూమ్ ఊడదీసి, కళ్ళు మూసుకుని మళ్ళీ బిగించి, తెరచాప లేపి చూసింది. మళ్ళీ అదే, నుదుటి ఎత్తు. బండ బూతు ఒకటి తిట్టి, ఊడదీసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.