పన్నెండడుగుల వంశవృక్షం

మా నిశ్చితార్థం ఆల్బమ్ ఎప్పుడైనా చూపిస్తాను, రండి. మొదటి ఇరవై ఫొటోల్లో ఒక్కరంటే ఒక్కరు కెమెరా వైపు చూడరు. అందరి మొహాలూ వేదిక వెనక గోడకేసి తిరిగి ఉంటాయి. మా పెద్దబాపు చెయ్యి గాల్లో లేచి ఉంటుంది. పెళ్ళికూతురి మేనత్త వేళ్ళు మడిచి ఏదో లెక్క కడుతుంటుంది. కోటు తొడుక్కుని చెమటలు కక్కుతూ, పారిపోవడానికి తలుపు ఎటువైపుందా అని వెతుకుతున్న ఆ బక్కమనిషిని నేనే. ఆ గోడ మీదున్నది ఎవరూ అడక్కుండానే నేను స్వయంగా తెచ్చి తగిలించిన ప్రళయం. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినవాడి గురించి మీరు వినే ఉంటారు. నేను ఆ పిల్లిని ఫ్లెక్సీ మీద అచ్చేయించి మరీ పట్టుకుపోయాను.

మొదట్నించీ చెప్తాను. రజితను చూడటానికి వనస్థలిపురం వెళ్ళిన రోజే నాకు ఆమె నచ్చేసింది. నచ్చడమంటే మామూలుగా కాదు. తిరుగు బస్సులో దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాల్సినవాణ్ణి, కిటికీలోంచి నవ్వుకుంటూ మలక్‌పేట దాకా పోయాను. రెండు కుటుంబాలవీ నల్లగొండ జిల్లాలో పక్కపక్క ఊళ్ళే. అంతా బాగానే ఉంది కానీ, రజిత నాయన యాదగిరి మామ రిటైరైన బస్సు కండక్టరు. టికెట్ తీసుకోనివాణ్ణి మొహం చూసి పట్టేసే మనిషి. నన్నూ అలాగే పట్టాడు.

"మీ తాత పేరేంది బిడ్డా?"

"నర్సయ్య."

"ఆయన నాయన?"

"మల్లయ్య."

"మరి ఆయన నాయన?"

నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. నా పక్కనుంచి పెద్దబాపు అందుకున్నాడు. ఈయన మా బాపుకు అన్న. ఆయనకు తెలియని విషయం ఈ లోకంలో ఇంకా పుట్టలేదు. పుడితే బారసాలకు తనే వెళ్ళానంటాడు. "మాది శాన పెద్ద ఖాందాన్ యాదగిరీ! నిజాం కాలంల మా ఇంటి ముంగట..." అని మొదలుపెట్టి అరగంట మాట్లాడాడు కానీ, ఆ మూడో పేరు మాత్రం చెప్పలేదు.

రాత్రి రజిత ఫోన్ చేసింది. "మా నాయనకు నువ్వు నచ్చినవ్ గని, మీ పుట్టుపూర్వోత్తరాలు సమజైతలేవంట. రెండిండ్లకు పాత చుట్టరికం ఏమన్న తేలితె మస్తు ఖుషీ అయితడు."

"తేలుస్తా," అన్నాను. ప్రేమలో ఉన్న మగవాడు ఎంత ప్రమాదకరమైన జంతువో అప్పటికి నాకు తెలియదు.

మా ఇంట్లో బాపమ్మ ఉంది. బాపుకు కన్నతల్లి, నర్సయ్య తాతకు భార్య, ఎనభై దాటిన మనిషి. హాల్లో మంచమ్మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తూ ఉండేది. నేను రోజూ ఆమె ముందునుంచే చెప్పులేసుకుని బయల్దేరేవాణ్ణి.

"యాడికిరా పొద్దుపొద్దున?"

"మన వంశాన్ని వెతకనీకి బాపమ్మా."

"వెతుకు బిడ్డ. దొరికితె అన్నానికి తోల్కరా."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టంటారు. నేను మంచమ్మీద బాపమ్మను పెట్టుకుని తార్నాక అంతా వెతికాను. నా వాదన నాకుంది. ముసలామె మాట ఆధారమెలా అవుతుంది? పరిశోధన అన్నాక కాగితం ఉండాలి, ముద్ర ఉండాలి, వీలైతే చెదపురుగు తిన్న అంచు కూడా ఉండాలి.

అలా తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరాను. పాత సర్కారు కాగితాలన్నీ భద్రంగా దాచిపెట్టే చోటది. దరఖాస్తు పెట్టుకుని, వేళ్ళు శుభ్రంగా తుడుచుకుని, చదువుకునే గదిలో కూర్చుంటే ఫైళ్ళు తెచ్చిచ్చేవారు. అన్నీ ఉర్దూలోనే. నాకొచ్చిన ఉర్దూ అంతా ఆటోవాళ్ళతో బేరమాడటానికే సరిపోతుంది. అక్కడ తరచూ వచ్చే ఒక పెద్దాయన నా అవస్థ చూసి జాలిపడి, చదివిపెట్టడానికి ఒప్పుకున్నాడు. ఎనిమిదిసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చాను. తొమ్మిదోసారి మా ఊరి విరాసత్ ఫైలొకటి దొరికింది. భూమి ఉన్న మనిషి చనిపోతే వారసులెవరో రాసుకున్న కాగితమన్నమాట. పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసి చదివాడు.

"మల్లయ్య చనిపోయిండు. ఆయనకు కొడుకు నర్సయ్య. బిడ్డ ఎల్లమ్మ, పక్కూరి బుచ్చయ్యకు ఇచ్చిండ్రు."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. రజిత తన ముత్తాత తల్లిదండ్రుల పేర్లు నాకు ముందే చెప్పి ఉంది. బుచ్చయ్య, ఎల్లమ్మ! ఇక్కడేమో మల్లయ్య కొడుకు నర్సయ్య, అంటే మా తాతే! మా తాత చెల్లెలు రజిత వాళ్ళింటి కోడలు!

"దొరికింది!" అని అరిచాను. గదిలో అందరూ తలలెత్తారు.

"ఆహిస్తా బేటా," అన్నాడు పెద్దాయన. "ఒక్క పేరు దొరకంగనే దావత్ చెయ్యకు. మీ దిక్కు తాత పేరు మనవడికి పెడ్తరు. మల్లయ్య కొడుకు నర్సయ్య, నర్సయ్య కొడుకు మల్లయ్య, మళ్ళ ఆయన కొడుకు నర్సయ్య. గిర్నీ లెక్క తిరుగుతనే ఉంటరు. గీ నర్సయ్య మీ తాతనో, మీ తాతకు తాతనో ఎట్ల తెలుస్తది? రేపు రా, ఇంకో రెండు కాగితాలు చూద్దాం."

ఎంత బంగారంలాంటి మాట చూడండి. మా ఇంట్లో తాత నర్సయ్య, బాపు మల్లేశం, నేను నరేష్. పాత పేర్లకే ప్యాంటు తొడిగి తిప్పుతున్న వంశం మాది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలియాలి? కానీ మర్నాడు నేను తార్నాక వెళ్ళలేదు. నాకు ఫ్లెక్సీ పని ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల గల్లీలో ర్యాంకుల బ్యానర్లు వేసే షాపతను నా కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"అన్నా, గిండ్ల ఎంతమంది పోయిన్రు?"

"దాదాపు అందరూ."

"అయితె శ్రద్ధాంజలి డిజైన్ పెడ్దామా? పూలదండ దాంట్లనే వస్తది."

"నిశ్చితార్థం భయ్యా!"

"ఓ, అయితె గులాబీలు."

ఎడమవైపు మా వంశం, కుడివైపు వాళ్ళ వంశం, పైన రెండింటినీ కలుపుతూ బంగారు అక్షరాల్లో ఎల్లమ్మ. అడుగున రెండు హృదయాల్లో నేనూ రజితా. అతను స్క్రీన్ వైపు చూసి తల గోక్కున్నాడు. "అన్నా, గా సైడు కొమ్మ పెద్దగుంది. మీ సైడు ఇద్దరు తక్కువ పడ్తున్రు. జాగ ఖాళీగ కనవడ్తుంది."

దేవుడు నాకిచ్చిన చివరి అవకాశం అది. నేనేమన్నానో తెలుసా? "అక్కడ రెండు నెమళ్ళు పెట్టు."

నిశ్చితార్థం ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో. నా ఫ్లెక్సీ పన్నెండడుగుల పొడుగున, నెమళ్ళతో సహా వేదిక వెనక వెలిగిపోతోంది. యాదగిరి మామ దాన్ని చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "వారెవ్వా! పాత చుట్టాలమే గదనయ్యా మనం!" అని నన్ను కావలించుకున్నాడు. రజిత దూరంనుంచి నవ్వింది. నా జీవితంలో అత్యంత గొప్ప పావుగంట అది. పదహారో నిమిషంలో సత్తెమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది.

సత్తెమ్మ యాదగిరి మామకు అక్క. వరసలు కట్టడంలో ఆమెకు సాటి లేదు. ఫ్లెక్సీ ముందు నిలబడి వేలు పెట్టి చదివింది.

"ఎల్లమ్మ నీ తాతకు చెల్లె. అంటె మీ బాపుకు మేనత్త. మేనత్త కొడుకు మీ బాపుకు బావ, నీకు మామ అయితడు. ఆయన మాకు తాత. ఆయన కొడుకు, అంటె మా నాయన, నీకు బావ. బావ కొడుకు మా యాదగిరి నీకు అల్లుడు. అల్లుని బిడ్డ..." అని ఆగిపోయింది. "ఓర్నీ! పిల్ల నీకు మనవరాలైతదిరా!"

హాలంతా ఒక్కసారిగా లొల్లి.

"మనవరాలిని ఎట్ల చేసుకుంటడు?"

"నేను నా కన్న చిన్నోనికి అల్లున్నా?" అంటూ యాదగిరి మామ ముందు వరస సోఫాలోంచి లేచి, వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"నేను గిప్పుడు గీ పోరనికి కోడల్ని. నెత్తిన కొంగు కప్పుకోవాల్నా ఏంది?" అంది సత్తెమ్మ.

"వయసులు కూడా చూడండి, ఎక్కడో తప్పుంది," అన్నాను నేను నీరసంగా.

"వెనకటోళ్ళు నూరేండ్లు బతికిన్రు! వయసుదేముంది?" అని లేచాడు పెద్దబాపు. మనవైపువాడు, కాపాడతాడేమో అనుకున్నాను. "సర్కారు కాగితం అబద్ధమాడదు. ఎల్లమ్మ మేనత్త నాకు మంచిగ యాదికున్నది. మోకాలి దాక జుట్టు, చేతుల నిండ గాజులు. నాకు బెల్లం ముక్క పెట్టింది గూడ. భూమి పంచాయితైనంక రాకపోకలు బందయినయ్. వరస తప్పినంక లగ్గమేంది? మా ఖాందాన్ల గసొంటిది ఎన్నడు జరగలె. క్యాన్సల్!"

ఇంతలో హాలు మేనేజరు, కోస్తా మనిషి, నా చెవి దగ్గరికొచ్చాడు. "ఏవండీ, వడ్డించెయ్యమంటారా? వరస తేలాకే భోజనాలంటే చెప్పండి, పప్పు మళ్ళీ వేడి చేయిస్తాను."

రజిత వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు. కోపం కూడా కాదు, కళ్ళ నిండా నీళ్ళు. అప్పుడు నిజంగా భయమేసింది నాకు. చేతికందిన పిల్లను నా తెలివితేటలతోనే పోగొట్టుకుంటున్నానని అర్థమైంది.

బాపమ్మకు చదువు రాదు. ముందు వరసలో కూర్చుని, ఆ గోలలో మాటలు సరిగ్గా వినబడక, అంతసేపూ ఫ్లెక్సీ మీది నెమళ్ళను చూస్తోంది. "ఏందే సత్తెమ్మా, గంత లొల్లి?"

"ఏమున్నదవ్వా, అంత నీ ఆడబిడ్డతోనే వచ్చింది."

"ఎవరి ఆడబిడ్డ?"

"నీదే. ఎల్లమ్మ. మీ ఆయన చెల్లె."

బాపమ్మ చేతికర్ర నేలకేసి కొట్టి లేచింది. "నాకు ఆడబిడ్డనా? ఆడబిడ్డ లేని ఇల్లు అని ఏడూర్లు తిరిగి ఏరి ఇచ్చిండు మా నాయన! గా ఇంట్ల నాకున్నది గదొక్కటే సుఖం. గిప్పుడు ముసల్తనాన నాకు ఆడబిడ్డను తెచ్చి గోడకు కొడ్తవారా నరేష్?"

"అమ్మా, నాకు యాదికున్నది, బెల్లం..." అన్నాడు పెద్దబాపు.

"నీకు బెల్లం పెట్టింది పక్కింటి ముత్తమ్మ. ఊకో!" పెద్దబాపు కూర్చున్నాడు. "ఎల్లమ్మ మా మామకు మేనత్త. మా మామ మల్లయ్య. ఆయన నాయన నర్సయ్య. గా నర్సయ్యకు చెల్లె ఎల్లమ్మ. వాళ్ళ నాయన గూడ మల్లయ్యనే. మా ఇంట్ల పేర్లకు కరువు, ఉన్న రెండే తిప్పి తిప్పి పెట్టుకున్నరు!"

అంటే ఫ్లెక్సీ మీద ఆ రెండు నెమళ్ళున్న చోట మా వంశంలో ఇద్దరు మనుషులుండాలి. సత్తెమ్మ అప్పటికే మళ్ళీ వేళ్ళు మడుస్తోంది. "అయితె ఎల్లమ్మ కొడుకు, మీ మామ బావబామ్మర్దులు. వాళ్ళ కొడుకులు బావబామ్మర్దులు. మల్లేశం, మా యాదగిరి బావబామ్మర్దులు. గట్లయితె పిల్ల..."

"మరదలు!" అని హాలంతా అరిచింది. యాదగిరి మామ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, ఠీవిగా వచ్చి సోఫాలో కూర్చున్నాడు. బాపమ్మ రజిత గడ్డం పట్టుకుంది. "ఎల్లమ్మను పంపి ఏడ్చిన్రంట ఆ దినం మావోళ్ళు. ఇన్నేండ్లకు గా ఇంటి పిల్ల మన ఇంటికొస్తుంది," అంది. ఇంత కథ మా హాల్లో మంచమ్మీద కూర్చునుంటే, నేను దాని ముందే చెప్పులేసుకుని తొమ్మిదిసార్లు బయటికి పోయాను.

"బాపమ్మా, నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు అడిగినవా?"

పంతులుగారు ఉంగరాలు తెమ్మన్నారు. అప్పుడు రజిత చెయ్యి వెనక్కి తీసుకుంది.

"జర ఆగుండ్రి. నేనొకటి అడగాలె." "రేపు లగ్గమైనంక నా గురించి ఏమన్న తెల్సుకోవాలంటె నన్నడుగుతవా, దఫ్తర్లు తిరుగుతవా?"

"నిన్నే అడుగుతా."

"ముద్ర లేకున్నా నమ్ముతవా?"

"నమ్ముతా!"

చెయ్యి చాపింది. నేను ఉంగరం తొడిగాను. ఇరవయ్యొకటో ఫొటో నుంచి అందరూ కెమెరా వైపు చూస్తారు.

కాబట్టి పాఠకమహాశయులారా, ఇద్దరు మల్లయ్యల సాక్షిగా, ఇద్దరు నర్సయ్యల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంట్లో బతికున్న మనిషిని అడక్కుండా చనిపోయిన మనిషి కాగితం ముట్టను. పెద్దాయన రేపు రమ్మంటే రేపే వెళ్తాను. వంశవృక్షం గీస్తే పెన్సిలుతోనే గీస్తాను. ఖాళీ కనబడితే నెమలిని పెట్టను గాక పెట్టను.

ప్రమాణం ప్రకారమే ఈసారి వంశవృక్షం పెన్సిలుతో గీసి బాపమ్మకు చదివి వినిపించాను. మూడు తప్పులు పట్టింది. రెండు అక్కడికక్కడే దిద్దాను. మూడోది దిద్దాలంటే మా పెద్దబాపు భార్య, అంటే మా పెద్దమ్మ, ఆయనకే చెల్లెలి వరస అవుతుంది. ఆ ఒక్కటీ అలాగే వదిలేశాను.