బావ నా చేతిలో పెట్టిన రిమోటు

మా ఇంట్లో గదిలోంచి బయటికొస్తూ ఫ్యాను ఆపే అలవాటు ఒక్కరికీ లేదు. ఫ్యాను ఆపే మనిషిని నేను ఒకణ్ణే చూశాను. బొబ్బిలిలో నాతోపాటు వీణల పని నేర్చుకున్నాడు. చుట్టరికం లేకపోయినా బావా అనేవాణ్ణి.

అతని దగ్గర అరచేతిలో పట్టే బొమ్మ హెలికాప్టరు ఉండేది. భోజనాల వేళ ఫ్యాను ఆపేసి, "గాలి కదలకూడదురా" అంటూ గదిలో ఎగరేసేవాడు. నేను చెమటలు కార్చుకుంటూ మెచ్చుకునేవాణ్ణి. రిమోటు అడిగితే "నీకు రాదురా" అనేవాడు. అది దిగడానికి అరచెయ్యి చాచే ఉద్యోగం మాత్రం నాదే.

వీణల పాలిష్ మీద దుమ్ము పడకుండా, మాకు పని నేర్పే మేస్త్రి తలుపులు మూసి ఉంచే గది ఒకటుండేది. గాలి ఆడదు కాబట్టి బావకి అది తెగ నచ్చింది. ఓ మధ్యాహ్నం హెలికాప్టరు వెళ్ళి ఆరీ ఆరని వీణ మీద కూలింది. పాలిష్ మీద జానెడు గీత పడింది. బయట మేస్త్రి దగ్గు వినిపించింది. ఆరు నెలల్లో మొదటిసారి బావ రిమోటు నా చేతిలో పెట్టాడు. సంతోషించేలోపే తలుపు తెరుచుకుంది.

"సెప్తనే ఉన్నాను మేస్త్రీ, ఇక్కడ ఎగరెయ్యకురా అని. ఇంటేనా ఈడు!" అన్నాడు బావ.

వీణ చివర సింహంలా ఉండే యాళి ముఖం చెక్కే పని వచ్చే నెల నాకిస్తానని మేస్త్రి మాటిచ్చి ఉన్నాడు. ఆ ఉలి బావకి వెళ్ళింది. నాకు గరుకు కాగితం దక్కింది.

సాయంత్రం అడిగాను. "ఎందుకలాగ సేసీసినావు బావా?"

"నువ్వు డిగ్రీ సదివినావు. ఇది పోతే ఇంకోటి దొరుకుతాది. నాకు ఇదొక్కటే ఉన్నాదిరా."