తేదీ లేని మాట

చేతికి ఏ కాగితం వచ్చినా మా మామయ్య ముందు చూపుడువేలు తేదీ మీద పెడతాడు. తేదీ లేకపోతే చదవడు, తిరిగి ఇచ్చేస్తాడు. ఆస్పత్రి రికార్డుల గది ఆయనది. కాలం చెల్లిన కాగితాలకు 'రద్దు' ముద్ర వేయడం ఆయన పని. ఆ ముద్ర పడిందంటే సూపరింటెండెంటు కూడా నోరెత్తడు.

మాటకూ తేదీ కావాలి. పెళ్లైన కొత్తలో అత్తయ్య "మీరంటే నాకిష్టం" అందట. "ఎప్పటినుంచి?" అన్నాడట. ఆవిడ ఇంకా చెప్పలేదు.

ఆయన ఇంట్లోనే పెరిగి, అక్కడే ఉంటూ, అదే ఆస్పత్రిలో పిల్లల మనోవైద్యుణ్ణయ్యాను. ఊళ్లోవాళ్ల పిల్లల్లో ఆటిజం పోల్చడం నా ఉద్యోగం. ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషిలో పోల్చడానికి ఇరవయ్యేళ్లు పట్టింది. దీపం కింద చీకటంటారు. నా విషయంలో దీపం సంగతే అనుమానం.

ఒక సాయంత్రం ఆ మాట ఆయనకే చెప్పాను.

"ఆటిజమా? చదువుకునే రోజుల్లో వట్టి మొండితనం అన్నావు. మార్చి పదకొండు, బుధవారం."

"అప్పట్లో మా పుస్తకాలు అంతే మామయ్యా. మాటలు రాని పిల్లలకే ఆ పేరు పెట్టేవాళ్లం. ఇప్పుడు మాట్లాడేవాళ్లకీ, ఉద్యోగాలు చేసే పెద్దవాళ్లకీ పెడుతున్నాం."

"రేపు పుస్తకం మళ్లీ మారితే?"

"మారొచ్చు."

"రాసివ్వు."

రాసిచ్చాను. తిరిగి ఇచ్చేశాడు. తేదీ మరిచిపోయాను. వేసి మళ్లీ ఇస్తే తీసుకున్నాడు.

ఇదంతా అమ్మమ్మ వింటోంది. ఎనభై దాటిన మనిషి. లేచి వెళ్లి, తన పెట్టెలోంచి మడతలు చిరిగిన చీటీ ఒకటి తెచ్చింది. మామయ్యకు అయిదేళ్లప్పుడు ఎవరో డాక్టరు రాసింది. 'కారణం: తల్లి ఆదరణ చాలకపోవడం.'

"నువ్వూ ఇదేగా నాన్నా అంటున్నావు? వాణ్ణి నేను సరిగ్గా ఎత్తుకోలేదనేగా?"

యాభై నాలుగేళ్లుగా ఆ చీటీ ఆవిడ చీరల అడుగునే ఉందట. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. "ఒకప్పుడు తప్పు తల్లులదే అనుకున్నారు అమ్మమ్మా, తర్వాత పరిశోధనల్లో..."

ఆవిడకు 'తప్పు తల్లులదే' వరకే వినబడింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇక ఆపరా, మహాపండితుడా!" అంది అత్తయ్య.

మామయ్య చీటీ అందుకుని తేదీ మీద వేలు పెట్టాడు. జేబులో పెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. ఎదుటివాళ్ల బాధ ఈయనకు అందదని మనసులో రాసుకున్నాను. తేదీ వేయలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికే వెళ్లి రికార్డుల గది తెరిచాడు. ఎనిమిదింటికి తిరిగొచ్చాడు. సంచిలో సిరా డబ్బా, రెండు ముద్రలు. అమ్మమ్మ ఎదుట చీటీ పరిచి, అడ్డంగా ముద్ర గుద్దాడు. రద్దు. కింద తేదీ, సంతకం.

"ఇది పాతదమ్మా. చెల్లదు."

"నిజంగానా?"

"ముద్ర పడింది కదా."

అమ్మమ్మ ముద్రను తడిమి చూసింది. వేలికి ఊదా సిరా అంటుకుంది. ఆ వేలు అందరికీ చూపించి నవ్వింది.

అప్పుడు మామయ్య నా కాగితం తీశాడు. తేదీ సరిచూసుకున్నాడు. రెండో ముద్ర వేశాడు.

'తాత్కాలికం.'