సిపాయి పోయినప్పుడల్లా నాకు తానం

ఆ రోజులు యాదికొస్తె నాకు ముందు తుమ్ములొస్తయి, తర్వాతనే దుఃఖమొస్తది. బీటెక్ అయిపోయి ఏడాదైనా నౌకరి లేదు. మడికొండ ఐటీ పార్కు చుట్టు తిరిగి తిరిగి చెప్పులు అరిగినయి. ఖాళీగ కూసునే బదులు గిది చెయ్యవే, సర్టిఫికెటన్న వస్తదని మా దోస్తు నన్ను ఒక పనిల చేర్పించింది. తెల్లదొరల కాలం సిపాయిల పెన్షన్ కాయితాలను ఫోటోలు తీసి కంప్యూటర్ల పెడ్తరు. ఆ గొలుసుకట్టు ఇంగ్లీషు రాతను మాలాంటి వలంటీర్లు సదివి టైపు చెయ్యాలె. జీతం లేదు. (ఇంటర్వ్యూ లేకుంట నన్ను తీసుకున్న పని అదొక్కటే, అందుకే నాకు మస్తు గౌరవంగ అనిపించింది.) కాయితానికో సిపాయి. ఊరు, పుట్టుమచ్చలు, పెండ్లాం పేరు, చివరికి పెన్షన్ ఎందుకు ఆగిందో కారణం.

మా ఇల్లు కొత్తవాడల. ఇంట్ల మగ్గం పోయినా మా నాయనమ్మ పెత్తనం పోలేదు. ఎనభై దాటిన మనిషి ఒకనాడు నా పక్కన కూసొని, ఏం రాత్తానవే అని అడిగింది. ఈయన సచ్చిపోయిండు, పెన్షన్ బందైంది అని చెప్పిన. లేసి తానం చెయ్యిపో అన్నది. ఇది కంప్యూటర్ నాయనమ్మా, ఆయన పోయి ఎన్నేండ్లయిందో అంటె ఇనదు. ఫోన్ల సావు కబురు ఇంటె తానం చేస్తలేమా, ఇదీ అంతే అన్నది. బీటెక్ సదివిన నేను తువ్వాల తీసుకొని తానానికి పోయిన. ఇగ చలికాలమంత సిపాయిలు సచ్చుడు, నేను తలకు పోసుకునుడు. (ఎంతమంది పోయినా పూటకు ఒక్కటే తానమని బతిమాలి ఒప్పించిన.) ముక్కు కారుకుంట టైపు చేసిన. నీళ్ల హీటరుతోటి పెరిగిన కరెంటు బిల్లు చూసి అమ్మ నెత్తి కొట్టుకున్నది.

కొన్ని కాయితాల చివర వారసులు లేరని ఉండేది. అది సదివి చెప్పిన్నాడు నాయనమ్మ అన్నం ముట్టలేదు. పెత్రమాసనాడు పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తం కదా, మరి వీళ్లకు ఎవరిస్తరని ఆమె రంధి. అప్పుడే అమ్మ నాకు అసలు సంగతి చెప్పింది. నాయనమ్మ ఉయ్యాలల ఉన్నప్పుడే వాళ్ల నాయిన జంపఖానాలు నేసుడు ఇడిసిపెట్టి రెండో ప్రపంచ యుద్ధానికి పోయిండట. మళ్ల రాలేదు. సచ్చిండని కూడ ఎవరూ చెప్పలేదు. బతికున్న మనిషి పేరు మీద బియ్యమిస్తె మన చేతులతోటి సంపినట్టేనని ఆమె తల్లి ఇయ్యలేదు, ఈమె కూడ ఇయ్యలేదు. నా పక్కన రోజూ ఎందుకు కూసుంటాందో నాకు అప్పుడు సమజైంది. ఎంత ఎతికినా ఆయన కాయితం దొరకలేదు. ఆ మాట రోజూ పొద్దుగూకంగ ఆమెకు చెప్పుడు నాకు చలిల తానం కన్న కష్టమనిపించేది.

పెత్రమాస వచ్చింది. వారసులు లేని సిపాయిల పేర్లన్ని రాసుకరమ్మని నన్ను గుడికి తీసుకపోయింది. అయ్యగారు గోత్రం అడిగిండు. సర్కారు కాయితంల గోత్రం ఉండదన్న. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మా గోత్రమే అందరికి పెట్టి చదివిండు. (ఆ లెక్కన పంజాబు సిపాయిలు కూడ మా పాలోళ్లయిండ్రు.) ఎనక లైన్ల ఆడోళ్లు ఆలస్యమైతాందని గుణుగుతాండ్రు. ఇంకెవరన్న ఉన్నరా అమ్మా అని అయ్యగారు అడిగిండు. నాయనమ్మ నా దిక్కు చూసింది. ఇంకా మస్తు కాయితాలున్నయి, ఎతుకుదాం నాయనమ్మా అన్న. ఆమె తల అడ్డంగ ఊపింది.

"మా నాయిన ఉన్నడు అయ్యగారూ. ఆయినకు బిడ్డున్నది. నేనున్న."

పేరు చెప్పి, రెండు దోసిళ్ల బియ్యం పోసి, అక్కడనే కూలబడి చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. గుణిగిన ఆడోళ్లే నీళ్లు తాగిపిచ్చిండ్రు. ఆ తర్వాత నాయనమ్మ తన నాయిన దొరికిండా అని నన్ను ఎన్నడూ అడగలేదు.

రెండేండ్లకు ఆమె కూడ పోయింది. నాకు నౌకరి వచ్చింది, అయినా ఆదివారాలు ఆ కాయితాలు సదువుతనే ఉన్న. పెత్రమాసకు అదే లైన్ల నిలబడత, తీరా అయ్యగారు అడిగేసరికి గోత్రం మర్చిపోయి అమ్మకు ఫోన్ చేస్త. ఇంత సదువుకొని గింతేనా అని ఎనకోళ్లు నవ్వుతరు. నాయిన ముఖం కూడ ఎరుగని బిడ్డ మా నాయనమ్మ. అయ్యగారి నోట ఆ తండ్రీబిడ్డల పేర్లు పక్కపక్కన ఇనవడంగనే నేను కూడ నవ్వుత, కండ్లు తుడుసుకుంట.