పునరుక్తి పేరుతో కొట్టేసిన వాక్యం

పత్రికలో వాక్యాలు కొట్టేయడమే నా బతుకుతెరువు. అనవసరమైన మాట కనబడితే ఇప్పటికీ చెయ్యి ఊరుకోదు. అందుకే రిటైరయ్యాక, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం తెలుగులో రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకానికి భాష చూసిపెట్టమంటే ఒప్పుకున్నాను. కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు. పుస్తకం రాస్తున్న లెక్చరర్‌కు తెలుసు. ఆవిడ శ్రీకాకుళంలో పాఠాలు చెబుతుంది. పుట్టింది కళింగపట్నంలో, సముద్రం మీద వేటకు వెళ్ళే ఇంట్లో.

"నా పిల్లలకి ఇంగ్లీషు బుక్కు అర్థం కాదు సారూ. అవతల గైడు కూడా లేదు. దీన్లో ఏటుంటే వాళ్ళకి అదే నిజం" అంది మొదటి రోజే.

పుస్తకం మొత్తంలో ఆవిడ ప్రాణం పెట్టి రాసిన అధ్యాయం నిద్ర గురించి. కంప్యూటర్‌లో అన్ని పనులనూ నడిపించే మూల ప్రోగ్రాము కెర్నల్. అందులో ఏకకాలంలో నడిచే పనులు థ్రెడ్లు. ఒక థ్రెడ్‌కు కావలసిన డేటా ఇంకా రాలేదనుకోండి. వచ్చిందా, వచ్చిందా అని చూస్తూ కూర్చుంటే యంత్రం శక్తంతా ఆ చూడటానికే సరిపోతుంది. అందుకని అది నిద్రపోవాలి. డేటా తెచ్చిన థ్రెడ్ నిద్రపోయేవాళ్ళ వరుస చూసి, అవసరమైనదాన్ని మాత్రమే లేపాలి. అందరినీ లేపితే, ఒకరికి పని దొరికి మిగతావాళ్ళకు నిద్ర చెడటమే మిగులుతుంది.

ఇంతవరకు నాకూ అర్థమైంది. తర్వాతి వాక్యం దగ్గర పెన్ను ఆగింది. థ్రెడ్ డేటా వచ్చిందేమో చూడాలి, రాకపోతే వరుసలో పేరు రాయించుకోవాలి, మళ్ళీ చూడాలి, అప్పుడే నిద్రపోవాలి అని రాసింది. రెండుసార్లు చూడటం దేనికని అడిగాను. ఆవిడ వాదించలేదు. ఆదివారం కళింగపట్నం రమ్మంది.

ఒడ్డుకు లాగే పెద్ద వల ఆ మధ్యాహ్నం నీళ్ళలో ఉంది. పడవ దూరంగా ఉంది. తాడు ఈ కొస దగ్గర ఆవిడ తండ్రి, పక్కనే తాటాకు నీడలో ఆయన బావమరిది ఉన్నారు. లాగే వేళయితే పడవ మీద ఎర్రగుడ్డ ఎత్తి, తాడును ఒక్క గుంజు గుంజుతారు. గుడ్డ అలా ఎత్తే ఉంచుతారు. గుంజుడు మాత్రం ఒక్కసారే.

పెద్దాయన సముద్రం కేసి చూశాడు. గుడ్డ లేదు. తాడు కొసను ముంజేతికి చుట్టుకున్నాడు. పడుకోబోతూ మళ్ళీ సముద్రం కేసి చూశాడు. అప్పుడు తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు.

"ఇప్పుడే గదా చూశావు, మళ్ళీ ఎందుకు?" అన్నాను.

తువ్వాలు కిందనుంచే జవాబొచ్చింది. "తాడు సుట్టుకునేలోగా గుంజేసినాడనుకో బాబూ, సేతికి తెలీదు గదా. మరింక గుంజడు. నాను తొంగునుంటాను, ఆడు ఎదురుసూస్తుంటాడు, సేపలు ఎల్లిపోతాయి."

"మా బావ తొంగుంటే గుంజినా లెగడు, అది ఏరే సంగతి" అన్నాడు బావమరిది.

"ఒరే, నువ్వు లెగిసున్నా తొంగున్నట్టే ఉంటావు గదరా."

లెక్చరర్ నా వైపు చూసి, "వరుసలో పేరు పడక ముందే లేపడానికి వచ్చి, ఎవరూ లేరని వెళ్ళిపోతే, ఆ తర్వాత నిద్రపోయిన థ్రెడ్‌ను లేపేవాళ్ళుండరు సారూ. అందుకే రెండోసారి చూడాలి" అంది. ఆ వల ఉదాహరణ కూడా అధ్యాయంలో రాసింది. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

ముట్టుకున్నవాడు వేరే. ప్రచురణకర్తలు పుస్తకానికి ఒక సమీక్షకుణ్ణి పెట్టారు, పెద్ద చదువులు చదివినాయన. ప్రూఫులు తిరిగొచ్చేసరికి వల లేదు, సముద్రం లేదు. వాటి స్థానంలో ఆఫీసు, బల్ల, కాలింగ్ బెల్లు ఉన్నాయి. అదీ భరించవచ్చు. కానీ "మళ్ళీ చూడాలి" అన్న వాక్యం మీద ఎర్రగీత ఉంది. పక్కన పునరుక్తి అని రాశాడు. కింద ఇచ్చిన ప్రోగ్రాములోనూ మళ్ళీ చూసే పంక్తిని తీసేశాడు.

ఆయనకు ఫోన్ చేశాను.

"మీరు పత్రికలవారు, మీకు నేను చెప్పాలా? చూడాలి అన్నాక మళ్ళీ చూడాలి అనడం ఏం భాష? మీరైతే కొట్టేసేవారు కాదా?" అన్నాడు, చాలా మర్యాదగా.

"కొట్టేసేవాణ్ణి. విషయం తెలిసినవాళ్ళను అడిగాక" అన్నాను.

"డిప్లొమా పిల్లలకు అంత లోతు అక్కర్లేదండి."

ఆ మాటకు ఒళ్ళు మండింది. ఈ జిల్లాల పిల్లలకు ఏది అక్కర్లేదో చెప్పేవాళ్ళను నా ఉద్యోగకాలమంతా చూశాను. మంచి లైబ్రరీ అక్కర్లేదు, మంచి ల్యాబు అక్కర్లేదు. ఇప్పుడు ఒక వాక్యం కూడా అక్కర్లేదట.

నేనూ ఆవిడా కలిసి విజయనగరంలో ఆయన ఆఫీసుకు వెళ్ళాం. ఆవిడ ప్రూఫులో ఉన్న ప్రోగ్రామును ఉన్నది ఉన్నట్టు ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, ఆయన ముందు నడిపింది. డేటా అందినకొద్దీ తెర మీద అంకెలు వరసగా పైకి పాకుతున్నాయి. ఆయన చేతులు కట్టుకుని చూశాడు.

"నడుస్తోందిగా అమ్మా."

"చాలాసార్లు నడుస్తుంది సార్. ఎప్పుడో ఒకసారి ఆగిపోతుంది. ఆ ఒక్కసారి కోసమే ఆ వాక్యం."

"ఎప్పుడో జరిగేదాని కోసం ఇప్పుడు పుస్తకాన్ని ఆపమంటావా?" అని నవ్వి, గడియారం చూసుకున్నాడు.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ ప్రోగ్రామును ఆపలేదు. ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని చూస్తూనే ఉంది. నేను టీ తెచ్చేసరికి అంకెలు ఆగిపోయి ఉన్నాయి. మీట నొక్కినా కదలలేదు. ఒక థ్రెడ్ డేటా పెట్టి వెళ్ళిపోయింది. రెండోది పడుకుంది. ఇక ఎవరూ లేపరు. ఆవిడ ల్యాప్‌టాప్‌ను అలాగే రెండు చేతులతో ఎత్తుకుని, పసిబిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టు లోపలికి పరుగెత్తింది.

గది ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర అటెండరు తల గోక్కున్నాడు. "సారు బోజనానికి ఎల్లిపోనారమ్మా. ఈ పూటకి మరి రారు."

"పుస్తకం ఫైలో?" అన్నాను.

"పొద్దున్నే ప్రెస్సుకి పంపించేసినారు."

పొద్దున్నే. అంటే మేము గదిలో అడుగుపెట్టక ముందే. మాతో మాట్లాడినంతసేపూ, ప్రోగ్రామును చూసినంతసేపూ ఆయనకు ఆ సంగతి తెలుసు. కోపంలో నేను అన్న మాటలు ఇక్కడ రాయను. అటెండరు మాత్రం అవి విని, తప్పంతా తనదే అన్నట్టు నిలబడ్డాడు. అందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

పుస్తకం అచ్చయింది. భాషా సంపాదకుడిగా నా పేరు తీసేయమని ప్రచురణకర్తలకు ఉత్తరం రాశాను. తీయలేదు. తప్పు దిద్దమని రాస్తే, మలి ముద్రణలో పరిశీలిస్తామన్నారు. ఈ ఏడు చదివే పిల్లలు మలి ముద్రణ దాకా ఆగుతారా?

ఆవిడ క్లాసులో ఆ పాఠం వచ్చిన రోజు నన్ను రమ్మంది. వెనక బెంచీలో కూర్చున్నాను. అందరిచేతా పుస్తకాలు తెరిపించి, రెండు వరుసల మధ్య సందులో ఆ వాక్యాన్ని పెన్నుతో రాయించింది. ఎందుకో కూడా చెప్పింది, వలతో సహా. అర్థం కావడానికి పిల్లలకు నా అంత సేపు పట్టలేదు.

ముందు బెంచీలో ఉన్న అమ్మాయి లేచింది. "మేడం, పరీక్షలో ఇలాగ రాస్తే మార్కులు ఏస్తారా? బుక్కులో నేదు గదా."

ఆవిడ బోర్డు మీద తాను రాసిందాని వైపు చూసింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం ఆవిడకు ఇష్టం లేదు. ఫెయిల్ చేయించడమూ ఇష్టం లేదు.

"పరీక్షలో బుక్కులో అచ్చేసినట్టే రాయండి. రేపు ఉద్యోగంలో మాత్రం మీరు పెన్నుతో రాసుకున్నట్టు రాయండి" అంది చివరికి.

పిల్లలు తలలు ఊపి, అది కూడా రాసుకున్నారు.